అప్‌డేట్: యవనస్థుల కూడికలో లోపలి బాధ గురించి మాట్లాడించడం
గుంటూరులో మా చర్చి సంఘం యవనస్థులు పాటలు పాడి వెళ్లిపోతున్నారు, లోపలి బాధ ఎలా మాట్లాడించాలి అని అడిగాను. మీ సలహాలతో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది.

నలుగురైదుగురు చొప్పున కూర్చోబెడుతున్నాం. అమ్మాయిలు వేరుగా, వాళ్లతో ఒక అక్క. ముందు బైబిల్లోని 13వ కీర్తన చదువుతాం. ఆరే వచనాలు: మొదటి రెండూ మొర, తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మకం. అదే వరుసలో ఎవరిది వాళ్లు రాసుకుంటారు, పైకి చదవమని అడగం. చివరి భాగం రాయలేకపోతే ఖాళీగా వదిలేయొచ్చు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది కదా! బలవంతంగా స్తుతి రాయిస్తే పిల్లలకు నటన అలవాటవుతుంది.

ఎక్కువగా చెడేది వినేవాళ్ల దగ్గరే. "నీకు విశ్వాసం తక్కువ" అన్నామంటే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ప్రశ్న అడిగింది ఆ తర్వాతే.

"ఎవరికీ చెప్పం" అని మాత్రం మాటివ్వకండి. 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చనిపోవాలనుంది అంటే ఒంటరిగా వదలకుండా, పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు రాసిన మందులు ప్రార్థన పేరుతో మాన్పించొద్దు.