పార్కు పేరుపై కౌన్సిల్ తీర్మానానికి ముందే అభ్యంతరం చెప్పే మార్గం ఏమిటి?

మాది తెలంగాణలోని ఒక మున్సిపాలిటీ. మా వార్డులో సుమారు ఎకరం లేఅవుట్ ఖాళీ స్థలాన్ని పార్కుగా మార్చారు, పనులు దాదాపు పూర్తయ్యాయి. ఆ స్థలంలో ఒక పాత బావి ఉంది. దాని రాతి ఒరపై చేంతాళ్ల రాపిడికి పడిన గాళ్లు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ బావి వల్లే ఇక్కడివారంతా ఆ చోటును ఊటబావి అనే పిలుస్తారు. అయితే గత నెల గేటుకు కట్టిన ఫ్లెక్సీపై ఈ వార్డుతో ఏ సంబంధమూ లేని ఒక నాయకుని పేరు కనిపించింది. హైదరాబాద్‌లో సంజీవయ్య పార్కు, ఇందిరా పార్కు వంటి పేర్లు ఉన్నాయి, నాయకులను స్మరించుకోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ తరతరాల వాడుకలో ఉన్న పేరు ఇలా చెరిగిపోవడం బాధాకరం.

ఆరు వారాల క్రితం 140 మంది సంతకాలతో ప్రజావాణిలో అర్జీ ఇవ్వగా, "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యమే బదులుగా వచ్చింది. పేరును ప్రతిపాదించిన ఫైలు నకలు కోరుతూ సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేశాము. 30 రోజుల గడువు దాటినా జవాబు రాకపోవడంతో మొదటి అప్పీలు వేశాము. వార్డు కౌన్సిలరును రెండుసార్లు కలిశాము, తీర్మానం ఇంకా జరగలేదని, వచ్చే సమావేశపు ఎజెండాలో ఈ అంశం ఉండవచ్చని చెప్పారు. ఆ సమావేశానికి మూడు వారాలే ఉంది.

మీ పట్టణంలో పార్కుకు ప్రతిపాదించిన పేరును తీర్మానానికి ముందే మార్పించగలిగినవారు ఉంటే, అభ్యంతరాన్ని ఏ అధికారికి, ఏ రూపంలో ఇచ్చారో దయచేసి తెలియజేయగలరా?