చనిపోయిన జముకుల గాయకుని గొంతుతో యంత్రం పాడిన పాట: హక్కు ఎవరిది?

గుణుపురం వాసి:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లాలో, వంశధార ఒడ్డున గుణుపురం దగ్గర ఒక పల్లె. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బడిలో ఒడియా చదువుకున్నాము, సంతలో రెండూ కలిపేస్తాము. మా పెద్దనాన్న నలభై ఏళ్లకు పైగా, జముకు అనే వాద్యం వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథ చెప్పారు. అమ్మవారి సంబరాలకు ఇటు రాయగడ నుంచి అటు పాతపట్నం దాకా ఆయన జట్టును పిలిపించుకునేవారు. 2009లో ఒక సంబరంలో ఆయన రాత్రంతా చెప్పిన ఎల్లమ్మ కథను నేను చిన్న రికార్డరులో పట్టి, అందులో నలభై నిమిషాల భాగాన్ని 2016లో అంతర్జాలంలో పెట్టాను. ఆయన 2018లో కాలం చేశారు.

పోయిన దసరాకు పక్క వీధి మైకులో ఆయన గొంతు వినిపించింది. మా పెద్దమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి వీధిలోకి వచ్చి నిలబడిపోయింది. ఆ పాట ఆయన ఎన్నడూ పాడినది కాదు. వాకబు చేస్తే, కొందరు యువకులు నేను పెట్టిన రికార్డింగును దించుకొని, కృత్రిమ మేధ పరికరానికి ఇచ్చి, ఆయన గొంతును తయారు చేయించి కొత్త మాటలు పాడించారని తెలిసింది. మొదటిది అమ్మవారి పాట కాబట్టి మేము ఊరుకున్నాము. రెండు నెలలు తిరక్కుండానే అదే గొంతు వాహన రుణాలిచ్చే ఒక దుకాణం ప్రకటనలో వచ్చింది. సంబరం రోజున పస్తుండి, తలస్నానం చేసి గాని జముకు ముట్టని మనిషి ఆయన.

ఇంకొకటి కూడా నన్ను బాధిస్తోంది. గొంతు ఆయనదే గాని మాట ఆయనది కాదు. ఆయన ‘ఏటి’ అనేచోట యంత్రం ‘ఏమిటి’ అని పాడింది. ‘వచ్చీసినాడు’ అనేచోట ‘వచ్చేశాడు’ అన్నది. రేపు మా పిల్లలు దానినే తాతగారి పాట అనుకుంటారు.

చట్టప్రకారం ఆ కొత్త పాటకు యజమాని ఎవరు? కథ తరతరాలది, బాణీ అందరిదీ అయినప్పుడు మేము అడ్డుచెప్పడం న్యాయమేనా? నేను డబ్బు కోసం అడగడం లేదు.

బరంపురం వకీలు:

కథ, బాణీ ఒక ఎత్తు. ఆ రాత్రి మీ పెద్దనాన్నగారు పాడినది ఇంకొక ఎత్తు. తరతరాల నుంచి వస్తున్న కథను, బాణీని ఎవరైనా పాడుకోవచ్చు, దానికి మీరు అడ్డుచెప్పలేరు, చెప్పకూడదు కూడా. కానీ 1957 నాటి కాపీరైటు చట్టం 1994 సవరణ తరువాత ప్రదర్శకునికి వేరుగా ఒక హక్కు ఇస్తున్నది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పేచోట గాయకునితో, నర్తకునితో పాటు గారడీవానిని, పాములాడించేవానిని కూడా ఆ చట్టం పేర్కొన్నది కనుక, జముకుల కథకుడు దాని పరిధిలోకి రాడని ఎవరూ వాదించలేరు. ఆ హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లు ఉంటుంది. అంటే మీ 2009 నాటి కథకు 2059 చివరి దాకా ఉంటుంది. 2012లో చేర్చిన 38-ఎ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిల్వచేయడంతో సహా, ఆ ప్రదర్శన రికార్డింగుకు నకలు తీసే హక్కు ప్రదర్శకునిది. 38-బి ప్రకారం తన పేరు చెప్పమని అడిగే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కూడా ఆయనవే. ఇక రికార్డింగుకు పూనుకొని బాధ్యత వహించినవారే చట్టం దృష్టిలో దాని నిర్మాత కాబట్టి, ఆ కాపీరైటు మీది. ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కవేస్తే అది 2076 దాకా నడుస్తుంది.

మీ వాదంలో బలహీనమైన చోటు కూడా చెప్పాలి. ఒక రికార్డింగులోని శబ్దాన్నే తీసి వాడితే అది ఉల్లంఘన అవుతుంది గాని, దానిలాగా వినిపించే కొత్త శబ్దాన్ని చేస్తే అంత తేలికగా అవదు. గొంతును అనుకరించడం గురించి చట్టంలో వేరే సెక్షను లేదు. 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కృత్రిమ మేధతో అనుకరించడాన్ని అడ్డుకుంటూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, కానీ ఆయన జీవించి ఉన్న మనిషి. మరణించిన ఒక నటుని విషయంలో 2023లో ఢిల్లీ హైకోర్టు అటువంటి వ్యక్తిత్వ హక్కులు, అంటే తన పేరు, రూపం, గొంతు వంటివాటి మీద మనిషికి ఉండే హక్కులు, ఆ మనిషితోనే ముగుస్తాయన్నది. అందుచేత మీరు గొంతు మీద కాక రికార్డింగు మీద నిలబడండి. ఆ నలభై నిమిషాలను అనుమతి లేకుండా నకలు తీసి యంత్రానికి ఇచ్చారన్నదే మీ ఫిర్యాదు కావాలి. 52వ సెక్షను కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఆ నకలును అందుబాటులో ఉంచిన వేదిక దానిని 21 రోజుల పాటు నిలిపివేయాలి. ఈలోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి.

కొత్త పాటకు యజమాని ఎవరన్నది ఇంకా తేలని ప్రశ్న. కంప్యూటరు ద్వారా పుట్టిన సంగీత రచనకు, దానిని పుట్టించిన వ్యక్తే కర్త అని మన చట్టం 1994 నుంచే చెబుతున్నది. అయితే రచనలో కొంతైనా సృజన ఉండాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది; రెండు ముక్కలు టైపు చేసి మీట నొక్కడం ఆ సృజన అవుతుందా అన్నది వాదించవలసిన విషయం. అమెరికాలోనైతే కర్త మనిషే అయి ఉండాలని 2025 మార్చిలో అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. మీ ఫిర్యాదుకు మాత్రం ఈ ప్రశ్న తేలేదాకా ఆగనక్కరలేదు.

పర్లాకిమిడి స్టూడియో:

ఆ పాటలు నేను చేసినవి కావు, కానీ ఇటువంటి పనే చేస్తాను కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు మా చుట్టుపక్కల జముకు వాయించేవాళ్లు దొరకడం కష్టమైపోయింది. చిన్న ఊరి సంబరానికి పాట కావాలని వచ్చేవాళ్ల దగ్గర నలుగురు వాద్యకారులకు ఇచ్చే సొమ్ము ఉండదు. వాళ్లకు యంత్రంతో వాద్యం చేసి ఇస్తాను, గొంతు మాత్రం ఊళ్లో పాడేవాళ్లచేతనే పాడిస్తాను. దానిని నేను తప్పనుకోను.

అయితే ఆ యంత్రాలకు పాట ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్నూ వదలదు. తమ రికార్డింగులను అడగకుండా వాడి నేర్పించారంటూ పెద్ద సంగీత సంస్థలు 2024 జూన్‌లో కృత్రిమ మేధతో పాటలు తయారుచేసే సునో, యూడియో సేవల మీద అమెరికాలో దావాలు వేశాయి. వాటిలో కొన్ని మరుసటి ఏడాది ఒప్పందాలతో ముగిశాయి. పెద్ద సంస్థ దావా వేయగలదు, ఒప్పందం రాయించుకోగలదు. అంతర్జాలంలో ఉన్న ఒక జముకుల పాట కూడా ఆ మేతలో కలిసిపోయి ఉంటే, ఆ కథకుని ఇంటికి ఎవరు వెళ్లి ఒప్పందం రాస్తారు? ఆ సేవలు వాడుతున్నంతవరకు ఆ తప్పులో నాకూ పాలు ఉందనే ఒప్పుకుంటాను.

కానీ లక్షల పాటల నుంచి యంత్రం నేర్చుకోవడం వేరు, ఒక్క మనిషి రికార్డింగు తీసుకొని అతని గొంతునే అచ్చు పోయడం వేరు. రెండోదానికి ఆ మనిషి ఎవరో చేసేవానికి బాగా తెలుసు, కాబట్టి అడగకపోవడానికి ఏ సాకూ ఉండదు. ఎ.ఆర్. రెహమాన్ 2024లో మరణించిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఇలాగే వాడినప్పుడు, ముందుగా వారి కుటుంబాల అనుమతి తీసుకొని పారితోషికం ఇచ్చామని చెప్పారు. అదే ఏడాది, తమను అడగకుండా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి గొంతును ఒక తెలుగు సినిమాలో వాడారని ఆయన కుటుంబం నోటీసు పంపింది. గుణుపురానికీ మా ఊరికీ మధ్య రైలు ఉంది. ఆ యువకులు ఒక్క పూట ప్రయాణం చేసి మీ పెద్దమ్మగారిని అడిగి ఉండవలసింది.

రాయగడ టీచరు:

బాబూ, మాది జముకుల కుటుంబమే. మా తాతగారు వేరే జట్టు దగ్గర నేర్చిన కథ ఎత్తుకుంటే, అమ్మవారికి దండం పెట్టిన వెంటనే ఆ గురువు పేరు, ఆయన ఊరి పేరు చెప్పేవారు. ఒకరోజు మరచిపోతే, వినేవాళ్లలో ఒక పెద్దాయన లేచి కథ ఆపించి చెప్పించాడని మా నాన్న అంటుండేవారు. బాణీ అందరిదీ కావడమంటే మా వాళ్లకు అర్థం అదే: ఎవరైనా పాడవచ్చు, ఎవరి దగ్గర తెచ్చుకున్నదో దాచకూడదు. రుణాల దుకాణం ప్రకటనలో మీ పెద్దనాన్న పేరు ఉందా? ఉండదు, ఎందుకంటే పేరు చెబితే ఎవరిని అడిగారన్న ప్రశ్న వస్తుంది.

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. జముకుల కథ ఒక్కరితో నడవదు. ఆ నలభై నిమిషాల్లో వంత పాడినవాళ్లు కూడా ఉన్నారు కదా. వకీలుగారు చెప్పిన ప్రదర్శకుని హక్కు వాళ్లకూ ఉండాలి. 2016లో మీరు ఆ రికార్డింగును లోకానికి పెట్టేముందు వాళ్లను అడిగారా?

బరంపురం వకీలు:

టీచరుగారు చెప్పినది చట్టరీత్యా కూడా సరైనదే. ఫిర్యాదులో మొత్తం జట్టు పేర్లు ఉండటం అవసరం.

గుణుపురం వాసి:

టీచరుగారూ, నేను అడగలేదు. మంచి పనే చేస్తున్నాననుకున్నాను గాని, అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. మీ మాట చదివాక మొన్న ఆదివారం కాశీనగర్ వెళ్లాను. వంత పాడిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ కథ ఇన్నేళ్లుగా ఫోనులో దొరుకుతోందన్న సంగతి వాళ్లకు తెలియదు. నా ఫోనులో పూర్తిగా విన్నారు. చిన్నాయన తన గొంతు పైకి లేచే చోటును మళ్లీ రెండుసార్లు వేయించుకున్నారు. రికార్డింగును ఉంచమన్నారు, కింద ముగ్గురి పేర్లూ, ఊళ్లూ రాయమన్నారు. ప్రకటన సంగతి చెబితే పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత కాగితం ఎక్కడ అని అడిగి వేలిముద్ర వేశారు. ముగ్గురి పేర్లతో ఫిర్యాదు నిన్న పంపాము.