గ్యారేజీలో పెట్రోల్ వాసన, ముందు ఏం సర్దాలి?

ప్రశ్న:
నిన్న పొద్దున గ్యారేజీ షట్టర్ ఎత్తగానే పెట్రోల్ వాసన గుప్పుమంది. చూస్తే, గడ్డి కోసే మిషన్ కోసం తెచ్చిన ఐదు లీటర్ల డబ్బాకి మూత సరిగా బిగించలేదు (నేనే). డబ్బా ఉన్నది పాత ఫ్రిజ్ పక్కన, నేల మీద. పైగా అలవాటు కొద్దీ లైటు స్విచ్ కూడా వేశాను. ఏమీ కాలేదు గానీ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడే కారు, పెయింట్ డబ్బాలు, అటక నిండా సామాను. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు 1:
ఆ డబ్బాతోనే. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ ఉండేదీ కిందే, అది ఆన్ అయ్యేటప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు. డబ్బాని ఇంటికి దూరంగా, నీడపట్టున పెట్టండి. మళ్లీ వాసనొస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకండి, ఆన్ చేయడమే కాదు ఆఫ్ చేయడం కూడా వద్దు. షట్టర్ ఎత్తేసి బయటికొచ్చేయండి.

జవాబు 2:
పెట్రోల్‌కి అందరూ భయపడతారు, గుడ్డపేలికలకి ఎవరూ భయపడరు. నేను కుర్చీలకి అవిసె నూనె పట్టించి, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేశాను. భోజనం చేసి వచ్చేసరికి ఏదో మాడు వాసన. ఉండ విప్పితే లోపల గోధుమరంగుకి తిరిగింది, చెయ్యి పెట్టలేనంత వేడి. అగ్గిపుల్ల గీసిన వాళ్లెవరూ లేరు! ఆ నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని వేడి పుట్టిస్తుంది, ఉండలో ఉంటే ఆ వేడికి పోయే దారి లేదు. ఇప్పుడు ఒక్కో గుడ్డా విడివిడిగా పరిచి బయట ఆరేస్తాను. అప్పడంలా బిరుసెక్కాకే చెత్తలోకి.

ప్రశ్న అడిగినవారు:
డబ్బా బయటికి పోయింది. ఇంకో సందేహం. చలికి కారు స్టార్ట్ చేసి ఓ పది నిమిషాలు లోపలే వదిలేస్తుంటాను. షట్టర్ తీసే ఉంటుంది లెండి.

జవాబు 1:
తీసి ఉన్నా వద్దండీ. కారు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు, వాసన ఉండవు. గ్యారేజీ నుంచి ఇంట్లోకి తలుపుంటే ఆ సందులోంచే లోపలికి వస్తుంది. స్టార్ట్ చేసిన వెంటనే బయటికి తీయండి. ఇంట్లో, పడుకునే గదుల దగ్గర ఆ వాయువుని పసిగట్టే డిటెక్టర్ ఒకటి బిగించండి.

జవాబు 3:
మంచినీళ్ల సీసాల్లో థిన్నర్, యాసిడ్ లాంటివి పోసి పెట్టారేమో చూడండి. పిల్లలుంటే అది మరీ ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూసొచ్చాను. కూల్‌డ్రింక్ సీసాలో టర్పెంటైన్. మా వాడికి సరిగ్గా చెయ్యందే ఎత్తులో.