ఆన్‌లైన్ పాఠాలు విని ఫెయిలైన ఇంటర్ పిల్లలందరినీ పాస్ చేయడం సరైనదేనా?

చాక్‌పీస్ (చర్చ మొదలుపెట్టినవారు)

మా కాలేజీలో కొత్తగా చేరిన ఒకాయన "ఆ గ్రేస్ మార్కుల బ్యాచ్" అని వెటకారంగా అనేసరికి స్టాఫ్‌రూమ్‌లో పెద్ద వాదనే అయింది. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

మర్చిపోయినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2020లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి. 5 లక్షల మందికి పైగా పిల్లలను ఇంటర్నల్ మార్కులతో పాస్ చేశారు. వాళ్లే ఇంటర్‌లో చేరారు. సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ విద్యా ఛానెల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో డిజిటల్ పాఠాలు వచ్చాయి. 2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచి, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. సెకండ్ వేవ్ వల్ల పరీక్ష లేకుండానే సెకండియర్‌కు పంపారు. సెకండియర్ సగం నడిచాక, అక్టోబర్ 25 నుంచి ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. డిసెంబర్ 16న ఫలితాలు వచ్చాయి. రాసింది 4.59 లక్షల మంది, పాసైంది 49 శాతం. నాంపల్లిలో బోర్డు ఆఫీసు ముందు ధర్నాలు, విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు. డిసెంబర్ 24న అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి, ఫెయిలైన అందరినీ కనీస మార్కులతో పాస్ చేస్తున్నామని ప్రకటించారు.

నా మాట సూటిగా: అది తప్పు నిర్ణయం. సిలబస్ 70 శాతానికి తగ్గించారు. ప్రశ్నల్లో ఛాయిస్ బాగా పెంచారు. టీవీలో పాఠం, యూట్యూబ్‌లో పాఠం, వాట్సాప్‌లో నోట్సు. ఇన్ని ఇచ్చాక కూడా రాయలేకపోతే, నీకు రాలేదని చెప్పడం కూడా చదువు చెప్పడంలో భాగమే. పాస్ చేసేశాం కాబట్టి రాని పాఠం వచ్చేయదు కదా.

ఎంపీసీ_2022

సార్, ఆ బ్యాచ్ వాడిని నేనే. ఉట్నూర్ అవతల ఊరు మాది. "టీవీలో పాఠం ఇచ్చాం" అని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. అది ఎలా ఉండేదో చెప్తా వినండి.

పాఠం వచ్చే టైమ్ మన చేతిలో లేదు. ఆ అరగంటలో కరెంట్ పోతే పాఠం పోయినట్టే. కరెంట్ ఉన్నా, టీవీలో సార్ బోర్డు మీద లెక్క వేగంగా దించేస్తుంటే "ఆ మూడో లైన్ ఎలా వచ్చింది సార్?" అని అడగడానికి అవతల మనిషి లేడు. తర్వాత యూట్యూబ్‌లో చూసుకోమన్నారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది పొద్దున్నే నాన్నతో చేనుకు పోతుంది. సాయంత్రం వచ్చాక నేనూ చెల్లీ కొట్లాడుకోవాలి. చెల్లి తొమ్మిదో తరగతి, దానికీ టీశాట్ పాఠాలే. సిగ్నల్ కావాలంటే ఊరి చివర ట్యాంకు దగ్గరికి పోవాలి. చీకటి పడ్డాక అక్కడ కూర్చుని వెక్టర్స్ చదవమంటే ఎవరు చదువుతారు సార్?

కాలేజీలో కూర్చున్నది రెండు నెలలు కూడా లేదు. నేను మ్యాథ్స్ రెండు పేపర్లూ పోగొట్టుకున్నా. పాస్ చేశారు. నా మెమోలో 1ఏ 26, 1బీ 26 అని ఉంటుంది. 75కి పాస్ మార్కు అదే కాబట్టి, చూసినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అదేమీ ఊరికే వచ్చిన బహుమతి కాదు, మా నెత్తిన వేసిన ముద్ర.

సూటిమాట

సాకులు. మా ఊళ్లో అవే టీవీ పాఠాలు విని 900 దాటినవాళ్లున్నారు.

లెక్కల సార్

సూటిమాట గారూ, ఫస్టియర్ ఎంపీసీ మొత్తమే 470 మార్కులు. 900 ఎలా దాటారో కనుక్కుని చెప్పండి.

ఇక విషయానికి వస్తాను. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గణితం చెప్తాను. ఆ ఏడాదంతా ఫోన్ స్టాండ్ ముందు నిలబడి చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నాకు చాక్‌పీస్ గారితో పేచీ ఉంది, తమ్ముడు ఎంపీసీతోనూ కొంచెం ఉంది.

క్లాసులో లోకస్ చెప్తున్నప్పుడు నేను చూసేది పిల్లల ముఖాలు కాదు, పెన్నులు. వర్గం చేసి విస్తరించే దగ్గర సగం పెన్నులు ఆగిపోతాయి. అక్కడ నేనూ ఆగుతాను. వెనక్కి వెళ్లి మళ్లీ చెప్తాను. పాతికేళ్ల అనుభవం అంటే నా వరకూ అదే, ఎక్కడ ఆగాలో తెలియడం. జూమ్‌లో పెన్నులు కనపడవు. కెమెరాలు ఆపేసి ఉంటాయి, నల్లటి గడుల్లో పేర్లు మాత్రం ఉంటాయి. "అర్థమైందా?" అంటే ఇద్దరు "యెస్ సార్" అని టైప్ చేస్తారు, రోజూ ఆ ఇద్దరే. ఉచిత అకౌంట్ కాబట్టి 40 నిమిషాలకు అదే కట్ అవుతుంది. మళ్లీ లింక్ పెట్టేలోపు సగం మంది మాయం. టీశాట్‌లో చెప్పినవాళ్లకు ఆ ఇద్దరి "యెస్ సార్" కూడా లేదు. పైగా వాళ్లు మంచి లెక్చరర్లు, పాఠాలూ బాగానే చెప్పారు. నేను ఇప్పటికీ కొన్ని వీడియోలు పిల్లలకు పంపుతుంటాను.

అంటే లోపం పాఠంలో కాదు. పాఠం వెళ్లింది, కానీ అది ఎవరి దగ్గరికి చేరిందో ఏడాది పొడుగునా ఎవరూ చూడలేదు. వారానికో చిన్న స్లిప్ టెస్ట్ రాయించి, ఫోన్‌లోనో, వర్క్‌షీట్లు ఊరికి పంపించో దిద్ది ఉంటే, నవంబర్ 2020 కల్లా మనకు తెలిసిపోయేది. మా కాలేజీలో మేం చేసింది ఏమిటంటే, వీడియో చూసినట్టు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టమన్నాం. అది రిజిస్టర్‌కెక్కి హాజరు అయింది. ఆ హాజరే పైకి వెళ్లి "ఇంతమంది పాఠాలు విన్నారు" అనే రిపోర్టు అయింది. అక్టోబర్ 2021లో పరీక్ష పెట్టినప్పుడే వ్యవస్థ ఆ పిల్లల వంక మొదటిసారి చూసింది. మొదటిసారి చూడగానే ఫెయిల్ అనేసింది.

తమ్ముడితో పేచీ ఏమిటంటే, తప్పంతా ఆన్‌లైన్ మీదకి నెట్టకు. కోవిడ్‌కు ముందు, రోజూ కాలేజీకి వచ్చి కూర్చున్న ఏళ్లలోనూ ఫస్టియర్ పాస్ శాతం 60 దగ్గరే. అప్పుడూ నూటికి నలభై మంది ఫెయిలే. 2019లో మార్కుల తప్పుల మీద ధర్నాలు అయ్యాయి గానీ, ఫస్టియర్‌లో ఫెయిలైన అందరినీ ఎవరూ మార్కులు కలిపి పాస్ చేయలేదు. మహమ్మారి ఒక్కటే తీసుకుపోయింది 11 శాతం. మిగతా 40కి లెక్క ఎవరు చెప్తారు?

ఇద్దరు పిల్లల తల్లి

లెక్కల సార్ మాట బాగుంది గానీ, మీరంతా ఒకటే రకం ఆన్‌లైన్ గురించి మాట్లాడుతున్నారు. మా బాబు హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీలో చేరాడు. ఫీజు పూర్తిగా కట్టించుకున్నారు. పొద్దున 8 నుంచి రికార్డింగులు. వాడు లాగిన్ అయి పక్కన ఫ్రీ ఫైర్ ఆడేవాడు. కాలేజీ వాళ్లు మాత్రం "యువర్ వార్డ్ ఈజ్ ప్రెజెంట్" అని నాకు మెసేజ్ పంపేవారు. నాకు సంగతి తెలిసిన రోజు నుంచి ఎదురింట్లో ఉండే రిటైర్డ్ మాస్టారి దగ్గర ట్యూషన్ పెట్టించాను. వాడు మంచి మార్కులతో పాసయ్యాడు. అవి ఎవరి మార్కులు? ఆన్‌లైన్‌వా, ఎదురింటి మాస్టారివా, ట్యూషన్ ఫీజు కట్టగలిగిన మావా?

పాప సంగతి వేరు. దానికి క్లాసులో నోరు పెగిలేది కాదు. ఆన్‌లైన్‌లో చాట్‌లో టీచర్‌కి విడిగా డౌట్ రాసేది. రికార్డింగ్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేది. బడులు తెరిచాక "అమ్మా, మళ్లీ అందరి ముందూ అడగాలా?" అంది. ఆ రెండేళ్లు అందరికీ నష్టమే అని రాసేవాళ్లు ఇలాంటి పిల్లల్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పాస్ చేయడం గురించి నా మాట: సరైనదే. ఒకే పరీక్ష పెట్టాలంటే ముందు ఒకే క్లాస్‌రూమ్ ఇవ్వాలి.

బెజవాడ బ్యాక్‌బెంచ్

పక్క రాష్ట్రం నుంచి ఒక మాట. మా దగ్గర 2021లో ప్రభుత్వం పరీక్షలు పెట్టి తీరుతామంది. సుప్రీంకోర్టు ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారం వరకూ ఆలోచించాల్సి ఉంటుందని గట్టిగా అడిగాక, జూన్ 24న రద్దు చేశారు. అందరూ పాస్. సంతోషం. 2022లో పదో తరగతి పరీక్షలు పెట్టారు. పాసైంది 67.26 శాతం. 2019లో అది 94.88. అదే 2022లో తెలంగాణ పది ఫలితం 90 శాతం. మా పిల్లలు అంత మొద్దులూ కాదు, మీ పిల్లలు అంత మేధావులూ కాదు. మీ దగ్గర సిలబస్ 70 శాతానికి కోసి, 11 పేపర్లను 6 చేశారు. అంటే పాస్ శాతం చూసి పిల్లలు ఆన్‌లైన్‌లో ఏం నేర్చుకున్నారో చెప్పడం కుదరని పని. పేపర్ ఎలా ఇస్తే శాతం అలా వస్తుంది.

అందుకే చాక్‌పీస్ గారూ, ఆ 49 శాతాన్ని పట్టుకుని పిల్లల్ని తూచకండి.

చాక్‌పీస్

పాస్ శాతం కొలత కాదంటే మరి కొలత ఏది? ఏదో ఒకటి ఉండాలి కదా. అసలు కొలవొద్దు అనే దగ్గరికి పోతోంది ఈ చర్చ.

ఒకటో తరగతి టీచరమ్మ

కొలత ఉంది సార్. ఇంటర్ దగ్గర కాదు, కింద.

అసర్ సర్వేవాళ్లు పల్లెల్లో ఇంటికి వెళ్లి, పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి పేరా ఇచ్చి చదవమంటారు. మార్కులు లేవు, ఛాయిస్ లేదు, గ్రేస్ లేదు. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం. 2022లో 5.2. ఆంధ్రలో 22.6 నుంచి 10.3కి పడింది. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కి.

2022లో మూడో తరగతి అంటే 2020లో ఒకటో తరగతి. టీశాట్, యాదగిరి పాఠాలు మొదలైంది మూడో తరగతి నుంచి. ఒకటి, రెండు తరగతులకు అవీ లేవు. నిజానికి ఉన్నా ఏం చేస్తాం? ఆరేళ్ల పిల్లకు 'క' రాయడం టీవీ నేర్పదు. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని దిద్దించాలి. నా క్లాసు పిల్లలు అక్షరాలు రాకుండానే మూడుకొచ్చారు. వాళ్లనూ "పాస్" చేశాం. వాళ్ల కోసం ఎవరూ ధర్నా చేయలేదు, వాళ్లకు ధర్నా చేసే వయసు లేదు కాబట్టి.

ఇంకో సర్వే ఉంది. ఆర్థికవేత్త జాఁ ద్రెజ్ బృందం 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల్లోని సుమారు 1400 మంది పిల్లల్ని అడిగింది. క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నది పట్టణాల్లో 24 శాతం, పల్లెల్లో 8 శాతం. "ఆన్‌లైన్ చదువు మంచిదా చెడ్డదా" అని మనం ఇక్కడ వాదిస్తున్నాం. ఆ పల్లెల్లో నూటికి మిగిలిన 92 మందికి ఆ వాదనే వర్తించదు.

లండన్ తెలుగు

చిన్న విషయం. 2020లో ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటివి) పరీక్షలు రద్దు చేసి, టీచర్లు వేసిన గ్రేడ్లను ఒక అల్గారిథమ్‌తో సరిచేశారు. దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గిపోయాయి, మామూలు ప్రభుత్వ బడుల పిల్లలకు ఎక్కువ దెబ్బ తగిలింది. వీధుల్లోకి వచ్చి గొడవ చేస్తే నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకుని టీచర్ల గ్రేడ్లే ఇచ్చారు. కాబట్టి ఇది మన దగ్గరి ఓటు రాజకీయం మాత్రమే అనుకోనక్కర్లేదు.

చాక్‌పీస్

అన్నీ చదివాను. నా వాదన నాకు ఇంకా బలంగానే కనిపిస్తోంది, ముఖ్యంగా టీచరమ్మ గారు చెప్పాక. రాని పిల్లకు వచ్చిందని రాసి పై తరగతికి పంపడం వల్లే ఆ 5.2 కనపడకుండా దాగింది. ఇంటర్‌లోనూ అంతే. ఫెయిల్ అని ముద్ర వేయమని కాదు నేననేది. రెండు నెలల్లో ఇంకో పరీక్ష పెట్టి, ఆ మధ్యలో కాలేజీల్లో పాత పాఠాలు మళ్లీ చెప్పాల్సింది. అప్పటికి కాలేజీలు సెప్టెంబర్ నుంచి తెరిచే ఉన్నాయి. అది ఖర్చుతో, శ్రమతో కూడిన పని. పాస్ చేయడం సంతకంతో అయిపోయే పని. ప్రభుత్వం రెండోది ఎంచుకుంది.

ఎంపీసీ_2022

ఇది ఒప్పుకుంటా సార్. మళ్లీ చెప్పి మళ్లీ పరీక్ష పెడితే నేనైతే రాసేవాణ్ణి.

కానీ ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022లో ఎంసెట్‌కు ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. ఇంజినీరింగ్‌కు పోయేవాడికి ఆ 26లతో నష్టం లేదు, కోచింగ్ ఉంటే ర్యాంకు వస్తుంది. డిగ్రీ సీటు మాత్రం దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు)లో ఇంటర్ మార్కుల మీదే. కోచింగ్ కొనలేక డిగ్రీకి పోయినవాడికే ఆ మార్కులు అడ్డం పడ్డాయి. నాకు కావాలనుకున్న సిటీ కాలేజీలో రాలేదు, జిల్లాలోనే చేరా. పాస్ చేశారని మమ్మల్ని వెటకారం చేసేవాళ్లు ఇది కూడా చూడాలి.

లెక్కల సార్

దోస్త్ సంగతి నిజం, తమ్ముడూ.

చాక్‌పీస్ గారూ, మళ్లీ చెప్పి మళ్లీ పరీక్ష అన్నారు. ఆ మొదటి సగానికి నా ఓటు. రెండో సగం దగ్గర ఆగుతున్నాను. 2021 సెప్టెంబర్‌లో క్లాసులోకి వెళ్లి సెకండియర్ ఇంటిగ్రేషన్ మొదలుపెట్టాను. బోర్డు మీద మొదటి లెక్క వేయగానే పెన్నులన్నీ ఆగిపోయాయి. డెరివేటివ్ రాదు, దానికి ముందు లిమిట్ రాదు. సెకండియర్ పుస్తకం మూసేసి 1బీ తీశాను. సిలబస్ వెనకపడిందని ప్రిన్సిపాల్ గారు నోట్ ఇచ్చారు. ఆ పిల్లలకు అక్టోబర్‌లో ఫస్టియర్ పరీక్ష, మేలో సెకండియర్ పరీక్ష. మధ్యలో మీరు చెప్పిన మూడోది కూడా ఇరికిస్తే, మళ్లీ చెప్పడానికి నాకు మిగిలే పీరియడ్లు ఎన్ని?

2022లో ఆ బ్యాచ్ సెకండియర్ 67 శాతం పాసైంది. 70 శాతం సిలబస్‌తోనే అని మీరంటారని తెలుసు, అనండి. నా సెక్షన్‌లో డిసెంబర్‌లో ఫెయిలై, మేలో సొంతంగా గట్టెక్కినవాళ్లున్నారు. వాళ్లను మళ్లీ పరీక్ష రాయించి నిలబెట్టలేదు. 1బీ పుస్తకం తీసి నిలబెట్టాం. ఆ పని చేసినందుకు మాకు వచ్చింది నోట్.

చాక్‌పీస్

70 శాతం సిలబస్‌తోనే. అన్నాను.

ఆ నోట్ మీద మీరేమని జవాబు రాశారో అది కూడా పెట్టండి.