2.11 బీఎస్‌డీ కెర్నెల్ పరిమితి దాటుతోంది

ప్రశ్న (తార్నాక, హైదరాబాద్): అందరికీ నమస్కారం. ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) మీద, పీడీపీ-11/70 అనే పాత కంప్యూటర్‌కు నెట్‌వర్కింగ్, అదనపు డిస్క్ డ్రైవర్లతో 2.11 బీఎస్‌డీ (యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) కెర్నెల్, అంటే దాని కేంద్ర ప్రోగ్రామ్, నిర్మిస్తుంటే, మూల భాగం (ఎప్పుడూ అందుబాటులో ఉండే కోడ్) పరిమితి దాటిందని కొలతలు సరిచూసే చెక్‌సిస్ ప్రోగ్రామ్ చెబుతోంది. ఏ డ్రైవర్‌నూ వదులుకోకుండా సరిచేసే మార్గం దయచేసి చెప్పగలరు.

జవాబు: మూల భాగం 57,344 బైట్లకు, ప్రతి ఓవర్‌లే (అవసరమైనప్పుడు ఒకే చిరునామా చోటులోకి మార్చి తెచ్చే కోడ్ భాగం) 8,192 బైట్లకు మించకూడదండి. కాబట్టి మేక్‌ఫైల్ (నిర్మాణ సూచనల ఫైలు)లోని మూల భాగం జాబితా నుంచి కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లను (కంపైల్ అయిన కోడ్ ముక్కలను) ఖాళీ ఉన్న ఓవర్‌లేకు మార్చి, సైజ్ ఆదేశంతో కొలతలు చూసుకోండి. అయితే ఒకదాన్నొకటి తరచుగా పిలిచే భాగాలను విడదీస్తే వేగం తగ్గుతుంది. అసెంబ్లీలో రాసిన యంత్రస్థాయి భాగాలను మాత్రం కదపవద్దు.

మరో జవాబు: విడి ఫైలుగా ఉండే నెట్‌వర్కింగ్ భాగం నెట్‌నిక్స్, కెర్నెల్ చిరునామాలతో ముడిపడి ఉంటుంది కనుక, కెర్నెల్, నెట్‌నిక్స్ రెండింటినీ ఒకే నిర్మాణం నుంచి స్థాపించండి. పాత ప్రతులు రెండింటినీ ముందే భద్రపరచడం అత్యవసరం.

ప్రశ్న అడిగినవారు: డిస్క్ డ్రైవర్లను ఓవర్‌లేకు మార్చగానే కెర్నెల్ పరిమితిలోపే లింక్ అయింది (ముక్కలన్నీ ఒకటిగా కలిశాయి). కృతజ్ఞతలు.