తొలగించిన రికవరీ పార్టిషన్‌ను తిరిగి తెచ్చుకోవచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సభ్యులకు నమస్కారం. మా ఇంటి విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ నిండిపోవడంతో, ఏదో వీడియోలో చూపినట్లు డిస్క్ భాగాలను మార్చే డిస్క్‌పార్ట్‌లో, రక్షణను దాటించే ఓవర్‌రైడ్ ఆదేశమిచ్చి, దాని పక్కనున్న 13 జీబీ రికవరీ పార్టిషన్‌ను (కంపెనీ ఇచ్చిన విండోస్ ప్రతి ఉండే డిస్క్ భాగాన్ని) తొలగించి, ఆ స్థలాన్ని సి డ్రైవ్‌లో కలిపివేశాను. ఇప్పుడు రీసెట్ చేయబోతే, విండోస్‌ను బాగుచేసే రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకడం లేదని వస్తున్నది. డిస్కంతా ఫార్మాట్ చేయడమే మార్గమని ఇక్కడి దుకాణంలో అన్నారు. అయితే 1936లో మా ప్రాంతం ఒడిశాలో చేరకముందు, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, తెలుగులో రాసిన మా తాతగారి దస్తావేజుల స్కాన్‌లు ఆ డిస్క్‌లోనే ఉన్నాయి, వేరే ప్రతి లేదు. ఇది ఎస్‌ఎస్‌డీ కాదు, పాత హార్డ్ డిస్క్.

జయపురం వాసి:
మహేంద్రతనయ గారూ, స్కాన్‌లు తెరుచుకుంటున్నంతలోనే వాటిని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, మిగిలినదంతా ఆ తరువాతి మాట. పార్టిషన్‌ను తొలగిస్తే డిస్క్ భాగాల పట్టికలో దాని నమోదు మాత్రమే పోతుంది, లోపలి సమాచారం దానిపై మరొకటి చేరేవరకు ఉంటుంది. కనుక విండోస్‌ను ఆపి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని తెరిచి, పోయిన పార్టిషన్లను వెతికిపెట్టే, ఉచితంగా దొరికే టెస్ట్‌డిస్క్‌లో ముందు క్విక్ సెర్చ్, అందులో కనబడకపోతే డీపర్ సెర్చ్ నడపండి. పాత పార్టిషన్ కనబడితే పి నొక్కి, ఫైళ్ల జాబితా చూసి, వాటిని బయటి డిస్క్‌కు తీసుకోండి. రైట్ (పట్టికలో రాయడం) మాత్రం ఎంచుకోవద్దు: ఆ స్థలం ఇప్పుడు సి డ్రైవ్‌ది కాబట్టి, పాత హద్దులను పట్టికలో మళ్లీ రాస్తే ఒకదానిపై ఒకటి పడి, బాగున్న సి డ్రైవ్ కూడా చెడుతుంది. ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే నేను ఇంత ఆశ పెట్టుకొనేవాణ్ణి కాదు, ఖాళీ స్థలాన్ని విండోస్ ట్రిమ్ ఆదేశంతో తుడిపించేస్తుంది.

బరంపురం మాస్టారు:
పై సలహా సరైనదే గాని, కొన్ననాటి విండోస్ ప్రతి కోసం ఇంత శ్రమ ఎందుకన్నది నా సందేహం. డ్రైవర్లు తయారీదారు సైట్‌లోనే దొరుకుతాయి. లైసెన్స్ కీ గురించి కూడా బెంగ అక్కరలేదు, విండోస్ 8 కాలం నుండి కంపెనీలు దానిని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంచుతున్నాయి. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకొని, అందులోని ఇన్‌స్టాల్ ఫైల్ నుండి విన్‌ఆర్‌ఈ (రికవరీ ఎన్విరాన్‌మెంట్) ఫైల్‌ను తీసి, సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్‌లో ఉంచండి. తరువాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, దానిని పనిచేయించే రీఏజెంట్‌సి ఎనేబుల్ ఆదేశం ఇవ్వండి. ప్రత్యేక పార్టిషన్ లేకపోయినా రికవరీ ఎన్విరాన్‌మెంట్ సి డ్రైవ్‌లోనే కుదురుకొంటుంది. పెన్‌డ్రైవ్‌లోని విండోస్, ల్యాప్‌టాప్‌లోని విండోస్ వెర్షన్లు ఒకటై ఉండేలా చూసుకోండి.

మహేంద్రతనయ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్కాన్‌లను బయటి డిస్క్‌తో పాటు మా తమ్ముడి కంప్యూటర్‌లో కూడా ఉంచాను. డీపర్ సెర్చ్‌కు రాత్రంతా పట్టింది. పాత పార్టిషన్ కనబడింది గాని, కలిపిన తరువాత మేము పెళ్లి వీడియోలు ఎక్కించి ఉండటం వల్ల కాబోలు, విండోస్ ప్రతి ఉన్న పెద్ద ఇమేజ్ ఫైళ్లు సగానికే ఆగిపోయాయి. అక్కడితో దానిని వదిలేసి మాస్టారి పద్ధతిలో చేయగా, రీఏజెంట్‌సి ఇన్ఫో ఇప్పుడు ఎనేబుల్డ్ అని చూపుతున్నది. సి డ్రైవ్ మాత్రం మళ్లీ నిండేలా ఉంది, ఈసారి ఆ పెళ్లి వీడియోలనే బయటికి తరలిస్తున్నాను.