ఎల్డెన్ రింగ్ కొత్తగా మొదలుపెట్టాను, కాస్త దారి చెప్పండి

అన్నలూ, అక్కలూ, మాది హనుమకొండ. ఇన్నేళ్లూ క్రికెట్, కార్ రేసింగ్ గేములే ఆడాను. ఇప్పుడు తమ్ముడి పోరు పడలేక ఎల్డెన్ రింగ్ పెట్టాను.

ఆట మొదట్లో వచ్చే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలోకి అడుగు పెట్టగానే గుర్రం మీద తిరుగుతుంటాడే ట్రీ సెంటినెల్, వాడిని ఇప్పుడే కొట్టాల్సిన పని లేదని తెలుసు, పక్క నుంచి పోతున్నా. నా తిప్పలంతా రూన్లతోనే, అదే, శత్రువుల్ని చంపితే వచ్చేవి, లెవెల్ పెంచుకోవడానికి వాడేవి. చచ్చిన చోటికి వెళ్లి తెచ్చుకునేలోపు మళ్లీ చస్తే అవి ఇక దొరకవు కదా, ఆ టెన్షన్‌కి చేతులు ఆడట్లేదు. పైగా మెనూ తెరిచినా ఆట ఆగదు. అన్నానికి పిలిచే అమ్మకు ఇది అర్థమయ్యేలా చెప్పడం ఇంకో బాస్ ఫైట్.

కత్తి, డాలు ఉన్న వాగబాండ్ అనే పాత్రని తీసుకున్నా. ముందు విగర్ (ప్రాణం) పెంచాలా, స్ట్రెంగ్త్ పెంచాలా? మంత్రాలు వేసే ఆస్ట్రాలజర్ అయితే కొత్తవాళ్లకు సులువా? కీబోర్డు మీద డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం) సరిగ్గా పడట్లేదు, కంట్రోలర్ కొనక తప్పదా? వరంగల్‌లో చేత్తో పట్టి చూసి కొనుక్కునే షాపు ఏదైనా ఉందా?

ఇంకోటి. ముందు ఇదే కంపెనీ చేసిన 2011 నాటి డార్క్ సోల్స్ ఆడమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. వాళ్లదే ఇంకో గేమ్ సెకిరో మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దట, అందులో లెవెల్ పెంచుకుని గట్టెక్కే దారి ఉండదట. మీరైతే ఏది ముందు ఆడమంటారు?